డిస్క్ చెయ్యి దాటే క్షణం

అమెరికాలో కొడుకు దగ్గరికో కూతురి దగ్గరికో వెళ్ళి, సాయంత్రాలు దగ్గర్లోని పార్కులో నడిచొచ్చే పెద్దవాళ్ళలో చాలామంది ఈ వస్తువును చూసే ఉంటారు. ఛాతీ ఎత్తున ఒక ఇనప స్తంభం, దాని తలమీద వలయం, ఆ వలయం చుట్టూ వేలాడే గొలుసులు, గొలుసుల కింద వెడల్పాటి బుట్ట. చెత్త వెయ్యడానికి పెట్టారేమో అనుకుందామంటే అడుగంతా కంతలే. కాసేపు ఆగితే సంగతి తేలుతుంది. దూరాన చెట్ల మధ్య నుంచి ఎవరో ఒక ప్లాస్టిక్ డిస్క్ విసురుతారు. అది వంపు తిరుగుతూ వచ్చి గొలుసులకు తగిలి బుట్టలో పడితే ఆ గురి పూర్తయినట్టు. లేదంటే పడినచోటి నుంచి మళ్ళీ విసరాలి. ఎంత తక్కువ విసుర్లలో ముగిస్తే అంత గొప్ప. కర్రా బంతీ లేని గోల్ఫ్ అన్నమాట. పేరు కూడా డిస్క్ గోల్ఫే.

ఈ ఆటకు ఇప్పుడున్న రూపం ఇచ్చినవాడు ఎడ్ హెడ్రిక్. ఫ్రిస్బీలు తయారుచేసే వామ్-ఓ కంపెనీలో పనిచేస్తూ, డిస్క్ పైభాగాన సన్నటి గట్లు వలయాలుగా పెడితే గాలిలో నిలకడగా పోతుందని 1967లో పేటెంటు సంపాదించాడు. 1975లో కాలిఫోర్నియాలో, లా కన్యాడా దగ్గరి ఓక్ గ్రోవ్ పార్కులో మొదటి శాశ్వత కోర్సు వేశాడు. అప్పటికి బుట్టలు లేవు, ఉత్త స్తంభాలే. డిస్క్ స్తంభాన్ని తాకిందా లేదా అన్న తగవు ఎంతకీ తెగేది కాదు. ఆ తగవు తీర్చడానికి పుట్టిందే గొలుసుల బుట్ట. దాని పేటెంటు 1977లో వచ్చింది. హెడ్రిక్ 2002లో చనిపోయాక, ఆయన కోరుకున్నట్టే చితాభస్మాన్ని ప్లాస్టిక్‌లో కలిపి డిస్కులు పోశారు. మమకారం ఆ స్థాయిలో ఉండేది.

బుట్ట వెడల్పుగానే ఉంటుంది. డిస్క్ బరువు సాధారణంగా 175 గ్రాములకు అటూ ఇటూ. దగ్గరికి వచ్చాక నిలబడి విసరడమే కదా అనిపిస్తుంది. అయినా ఏళ్ళ తరబడి ఆడుతున్నవాళ్ళకు కూడా పది మీటర్ల దూరం గుండెదడ పుట్టిస్తుంది. గురి అనగానే మనకు ద్రోణుడు, చెట్టు మీద పిట్ట, దాని కన్ను గుర్తొస్తాయి కాబట్టి చూపుతో మొదలుపెట్టాలనిపించడం సహజం. చూపు సంగతి తరవాత చూద్దాం. అర్జునుడి చేతిలో విల్లుంది. బాణం ఎటు పోవాలో వింటినారీ బాణపు కర్రా కలిసి ముందే ఒక గీత గీసి పెడతాయి. డిస్క్ విసిరేవాడికి ఆ గీత గీసిపెట్టే పరికరం లేదు. చెయ్యే గీసుకోవాలి, అదీ కదులుతూ.

ముందు లక్ష్యం ఎంత ఇరుకో లెక్క వేద్దాం. గొలుసుల తెర వెడల్పు ఉదారంగా అర మీటరు అనుకుంటే, నడిమి గీతకు అటు 25 సెంటీమీటర్లు, ఇటు 25. ఐదు మీటర్ల దూరంలో నిలబడినప్పుడు విసురు ఏ పక్కకైనా 2.9 డిగ్రీల దాకా తప్పినా గొలుసులు మోగుతాయి. పది మీటర్లకు జరిగితే ఆ వెసులుబాటు 1.4 డిగ్రీలకు తగ్గుతుంది. ఇరవై మీటర్లకు 0.7. ఈ పది మీటర్లు నేను ఊరికే ఎంచుకున్న దూరం కాదు. నిబంధనల ప్రకారం బుట్ట చుట్టూ పది మీటర్ల లోపల నుంచి విసిరేదాన్నే పట్ అంటారు; అక్కడ విసిరిన ఊపుకు ముందుకు తూలిపడకూడదు, డిస్క్ చెయ్యి దాటాక కాలి మీద నిలదొక్కుకున్నట్టు కనబడాలి.

1.4 డిగ్రీలంటే వినడానికి మరీ తక్కువగా ఏమీ లేదు. అసలు చిక్కు ఆ కోణాన్ని కాలంలోకి మార్చినప్పుడు బయటపడుతుంది. విసిరేటప్పుడు చెయ్యి సరళరేఖలో పోదు. భుజమో మోచెయ్యో కేంద్రంగా చాపంలా తిరుగుతుంది. చాపం మీద ప్రతి బిందువు దగ్గరా చేతి దిశ మారుతూనే ఉంటుంది. వేళ్ళు ఏ బిందువు దగ్గర వదిలితే డిస్క్ ఆ దిశలో పోతుంది. చాపం వ్యాసార్ధం 60 సెంటీమీటర్లు, చేతి వేగం సెకనుకు 8 మీటర్లు అనుకుందాం. అప్పుడు చేతి దిశ సెకనుకు 760 డిగ్రీల పైచిలుకు మారుతోంది. అంటే ఒక్క మిల్లీసెకనుకు దాదాపు ముప్పావు డిగ్రీ. పది మీటర్ల నుంచి అటు 1.4, ఇటు 1.4, మొత్తం 2.8 డిగ్రీల కిటికీ దాటిపోవడానికి పట్టే కాలం నాలుగు మిల్లీసెకన్లు కూడా లేదు. ఆ నాలుగు మిల్లీసెకన్ల లోపల వేళ్ళు విచ్చుకోవాలి. ముందే విచ్చుకుంటే ఒక పక్కకు, ఆలస్యమైతే ఇంకో పక్కకు. కుడిచేత్తో బ్యాక్‌హ్యాండ్ విసిరేవాళ్ళకు ముందు వదిలితే ఎడమకు, ఆలస్యమైతే కుడికి పోతుంది. డిస్క్ చేతిలో ఇరుక్కుపోయి కుడివైపు పొదల్లోకి దూసుకెళ్ళడం కొత్తవాళ్ళందరికీ అనుభవమే.

ఇలాంటి లెక్కను విలియం కాల్విన్ అనే నాడీశాస్త్రవేత్త 1983లో వేశాడు. ఆయన ప్రశ్న మన పూర్వీకుల గురించి: కుందేలంత లక్ష్యాన్ని రాయితో కొట్టాలంటే రాయిని వదిలే సమయంలో ఎంత కచ్చితత్వం ఉండాలి? నాలుగు మీటర్ల దూరానికి 11 మిల్లీసెకన్ల కిటికీ దొరుకుతుందని తేలింది. దూరం రెట్టింపు చేసి ఎనిమిది మీటర్లకు లెక్కగడితే 1.4 మిల్లీసెకన్లు. దూరం రెట్టింపయితే కష్టం ఎనిమిదింతలయింది. ఒక్కొక్క నాడీకణం అంత నికార్సుగా సమయం పాటించలేదు కాబట్టి, చాలా కణాలు కలిసి సగటు తీస్తూ ఉండాలని, మనిషి మెదడు పెరగడానికి విసరడం కూడా ఒక కారణమని ఆయన వాదించాడు. ఆ రెండో భాగం ఊహ, దాన్ని ఒప్పుకోకపోయినా ఫరవాలేదు. మొదటి భాగం ఒట్టి లెక్క, దాన్ని తోసిపుచ్చలేం.

మధ్యలో సరిదిద్దుకోవచ్చు కదా అంటే, ఆ దారి కూడా మూసుకునే ఉంది. తప్పు జరుగుతోందని కన్ను చూసి, మెదడు గ్రహించి, కండరానికి కొత్త ఆజ్ఞ వెళ్ళేసరికి 150 నుంచి 200 మిల్లీసెకన్లు పడుతుంది. ఆలోపు డిస్క్ చెయ్యి దాటి మీటరు దూరం వెళ్ళిపోయి ఉంటుంది. విసురు మొదలైందంటే ఇక అది ముందే రాసిన ఆజ్ఞ. అమలు కావడమే తరువాయి. పైగా ఆ అమలులో గోల ఉంటుంది. కండరానికి ఎంత పెద్ద ఆజ్ఞ పంపితే దానిలోని ఒడుదొడుకులు కూడా అంత పెద్దవవుతాయని క్రిస్టఫర్ హారిస్, డేనియల్ వోల్పర్ట్ 1998లో ‘నేచర్’ పత్రికలో ఒక సిద్ధాంతం ప్రతిపాదించారు. మామూలు మాటల్లో చెప్పాలంటే, బలం కొద్దీ విసిరితే చెయ్యి మాట వినదు. ‘ఇంకాస్త గట్టిగా వెయ్యి’ అని పక్కనుంచి అరిచే స్నేహితులు సైన్సుకు విరుద్ధంగా మాట్లాడుతున్నారు.

మరి బాగా విసిరేవాళ్ళు ఏం చేస్తున్నట్టు? వాళ్ళ నాడులేమీ వేరే లోహంతో చేసినవి కావు. వాళ్ళు మిల్లీసెకన్లను జయించడం లేదు, మిల్లీసెకన్ల అవసరాన్ని తగ్గించుకుంటున్నారు. పైన చెప్పిన లెక్కనే మళ్ళీ తీసుకోండి. చెయ్యి 60 సెంటీమీటర్ల చాపంలో కాకుండా, వదిలే చోట మాత్రం చాపం సాగి, 3 మీటర్ల వ్యాసార్ధం ఉన్నట్టు దాదాపు తిన్నగా పోయిందనుకుందాం. వేగం అదే. అప్పుడు కిటికీ నాలుగు మిల్లీసెకన్ల నుంచి 18కి పెరుగుతుంది. వేళ్ళు మునుపటంత తడబడినా డిస్క్ గొలుసుల్లోకే పోతుంది.

దీన్ని చేతిలో చూడాలంటే మంచి ఆటగాడి పట్‌ను దగ్గరగా గమనించాలి. డిస్క్‌ను నడుముకు, బొడ్డుకు మధ్య ఎక్కడో ముందు పట్టుకుంటాడు. వేళ్ళు డిస్క్ అడుగున విసనకర్రలా విచ్చుకుని ఉంటాయి, బొటనవేలు పైన. బరువు వెనక కాలి మీదికి ఒక్క క్షణం వెళ్ళి ముందుకు వస్తుంది. మోచెయ్యి తెరుచుకుంటుంది, దానితో పాటే భుజం కొద్దిగా ముందుకు జరుగుతుంది, ఒళ్ళంతా కొద్దిగా జరుగుతుంది. మోచెయ్యి ఒక్కటే తెరుచుకుంటే చాపం వస్తుంది. భుజమూ ఒళ్ళూ కలిసి కదిలితే ఆ చాపం సాగి గీత అవుతుంది. చివర చెయ్యి బుట్ట వైపే చాచి, అరచెయ్యి పక్కకు తిరిగి, ఒక్క క్షణం అలాగే ఆగిపోతుంది. చూసేవాళ్ళకు అది ఠీవి కోసం పెట్టిన భంగిమలా కనిపిస్తుంది. నిజానికి చెయ్యి గీత మీదే వెళ్ళిందనడానికి అది ఆనవాలు. దూరం విసిరేటప్పుడూ ఇదే సూత్రం: డిస్క్‌ను ఒంటి చుట్టూ తిప్పకుండా, ఛాతీకి దగ్గరగా తిన్నగా లాగమని శిక్షకులు చెవినిల్లు కట్టుకుని చెప్పేది ఇందుకే.

డాగ్మర్ స్టెర్నాడ్ ప్రయోగశాలలో జరిగిన పరిశోధన ఈ మాటకు బలం ఇస్తుంది. స్తంభానికి తాడుతో కట్టిన బంతిని ఊపి, అవతల నిలబెట్టిన కొయ్యను పడగొట్టే ఆటను కంప్యూటర్ తెర మీద పెట్టి, నేర్చుకునేకొద్దీ తప్పులు ఎలా మారతాయో కొలిచారు. నేర్చుకునేవాళ్ళు మొట్టమొదట, అదీ తొందరగా, చేసే పని ఒకటుంది: వేగం, కోణం కాస్త తప్పినా కొయ్య పడిపోయే చోటును వెతుక్కుంటారు. చేతిలోని వణుకు తగ్గడం ఆ తరవాత, నెమ్మదిగా, కొద్దికొద్దిగా జరుగుతుంది. అంటే సాధనలో తొలి లాభం కచ్చితత్వం కాదు, క్షమించే విసురును కనిపెట్టడం. నా మటుకు నాకు గురి గురించి ఇంతకన్నా ఉపయోగపడే మాట ఇంకొకటి కనబడలేదు. ఇక మీదట చెప్పబోయేదంతా దానికి వ్యాఖ్యానమే.

ఇప్పటిదాకా డిస్క్‌ను రాయిలాగే చూశాం. అది రాయి కాదు. రాయి చెయ్యి దాటాక దాని దారి దాదాపు రాసిపెట్టినట్టే. డిస్క్ దారిపొడుగునా గాలితో బేరం ఆడుతూ పోతుంది. అలా పోవాలంటే రెండు కావాలి: గాలి పైకి ఎత్తే బలం, దొర్లిపోకుండా నిలబెట్టే భ్రమణం. భ్రమణం లేని డిస్క్‌ను విసిరి చూడండి, మూడు నాలుగు మీటర్లలో బొక్కబోర్లా పడుతుంది. ఎందుకంటే గాలి ఎత్తే బలం సరిగ్గా డిస్క్ గరిమనాభి దగ్గర పనిచెయ్యదు. కాస్త ముందో కాస్త వెనకో పనిచేస్తుంది. ఆ తేడా డిస్క్ ముక్కును పైకో కిందికో తిప్పాలని చూస్తుంది.

తిరిగే వస్తువు మాత్రం ఆ ఒత్తిడికి సూటిగా లొంగదు. తిరుగుతున్న బొంగరాన్ని వేలితో పక్కకు నెడితే అది నెట్టిన వైపు పడిపోకుండా, దానికి అడ్డంగా ఇంకో వైపు ఒరుగుతుంది. భౌతికశాస్త్రంలో దీన్ని ప్రెసెషన్ అంటారు. డిస్క్‌కూ ఇదే వర్తిస్తుంది. కుడిచేతి బ్యాక్‌హ్యాండ్‌లో డిస్క్ పైనుంచి చూస్తే గడియారం ముళ్ళు తిరిగే వైపు తిరుగుతుంది. వేగంగా పోతున్నప్పుడు, గాలికి డిస్క్ దాదాపు సమాంతరంగా ఉన్నప్పుడు, ఎత్తే బలం గరిమనాభికి వెనక పనిచేసి ముక్కును కిందికి నొక్కుతుంది. నొక్కింది కిందికి, డిస్క్ ఒరిగేది కుడికి. వేగం తగ్గి డిస్క్ కిందికి దిగడం మొదలుపెట్టగానే గాలి తగిలే కోణం పెరుగుతుంది, బలం ముందుకు జరుగుతుంది, ముక్కు పైకి లేవబోతుంది. లేవబోయింది పైకి, ఒరిగేది ఎడమకు. మొదట కుడికి, చివర ఎడమకు: డిస్క్ గాలిలో గీసే ఆ మెలికకు కారణం ఇదే. ఆటగాళ్ళు మొదటిదాన్ని టర్న్ అంటారు, రెండోదాన్ని ఫేడ్ అంటారు. ఎడమచేత్తో విసిరినా, కుడిచేత్తో ఫోర్‌హ్యాండ్ విసిరినా వైపులు తారుమారు.

దూరం విసిరేటప్పుడు గురి తప్పడానికి సగం కారణాలు ఇక్కడే ఉన్నాయి. దిశలో 3 డిగ్రీలు తప్పితే వంద మీటర్ల దగ్గర ఐదు మీటర్ల తేడా వస్తుంది, అది భరించవచ్చు. డిస్క్‌ను అడ్డంగా ఎంత ఒరిగించి వదిలారు, ముక్కు ఎంత పైకి లేచి ఉంది అన్నవి తప్పితే డిస్క్ పూర్తిగా వేరే దారి పడుతుంది. ముక్కు పైకి లేస్తే గాలి అడుగున తన్ని డిస్క్‌ను పైకి తోస్తుంది, వేగం చచ్చిపోతుంది, ఇంకా సగం దూరం ఉండగానే ఎడమకు జారి పడిపోతుంది. కొత్తవాళ్ళు ‘నా డిస్క్ ఎప్పుడూ ఎడమకే పోతుంది’ అని మొత్తుకునేది దీని గురించే. వాళ్ళు గురి చూసింది సరైన వైపే. మణికట్టు కొద్దిగా కిందికి వంచి, ముక్కు దించి వదలడం నేర్చుకుంటే ఆ రోగం చాలావరకు కుదురుతుంది.

ఈ మెలికను మచ్చిక చేసుకోవడానికి హైజర్ అనే విసురు ఉంది. డిస్క్ బయటి అంచును ముందే కిందికి ఒరిగించి, ఎలాగూ చివరికి ఒరగబోయే వైపే ఒరిగించి, వదలడం. డిస్క్ మొదటి నుంచీ ఒకే వైపు వంపు తిరుగుతుంది. తిన్నగా విసిరిన డిస్క్ వేగం కాస్త ఎక్కువైతే కుడికి, కాస్త తక్కువైతే ఎడమకు పోతుంది; ఎటు పోతుందో చెప్పలేం. హైజర్ వేగం తప్పినా పోయే వైపు మారదు, వంపు కొంచెం పెరుగుతుందో తరుగుతుందో అంతే. బుట్టకు కుడి పక్కగా గురి పెట్టి ఎడమకు వంచి తీసుకురావడం చూసేవాళ్ళకు వంకరగా అనిపించవచ్చు గానీ, దారిలో చెట్లు అడ్డం లేకపోతే అదే భద్రమైన దారి.

ఏ డిస్క్ ఎలా పోతుందో చెప్పడానికి, డిస్కులు తయారుచేసే ఇనోవా కంపెనీ నాలుగు అంకెల పద్ధతి పెట్టింది: వేగం, గ్లైడ్ (గాలిలో తేలే గుణం), టర్న్, ఫేడ్. ఇనోవా స్థాపకుల్లో ఒకరైన డేవ్ డునిపేస్ 1983లో అంచును ఏటవాలుగా చెక్కిన డిస్క్ తెచ్చాక ఆట స్వరూపమే మారిపోయింది. గాలిని చీల్చుకుపోయే ఆ అంచుతో దూరాలు పెరిగాయి. ఆ కంపెనీదే అయిన ఏవియార్ అనే పటర్ (పట్‌కు వాడే డిస్క్) అంకెలు 2, 3, 0, 1. అంటే నెమ్మదిగా విసిరినా చాలు, టర్న్ లేదు, ఫేడ్ నామమాత్రం. డిస్ట్రాయర్ అనే డ్రైవర్ (దూరం విసరడానికి వాడే డిస్క్) అంకెలు 12, 5, -1, 3. మొదటి అంకె 12 చూసి అది దూరం పోతుందని కొంటారు. దాని అర్థం వేరే: ఈ డిస్క్ చెప్పినట్టు నడవాలంటే మీరు అంత వేగంగా విసరగలగాలి. విసరలేకపోతే టర్న్ రానేరాదు, చివరి అంకె 3 మాత్రం తప్పకుండా వస్తుంది. డబ్బు పెట్టి ఎడమకు పోయే డిస్క్ కొనుక్కున్నట్టు.

గాలి వీచే రోజున ఇంకో లెక్క చేరుతుంది. డిస్క్‌ను ఎత్తే బలం నేల మీది వేగాన్ని బట్టి కాదు, గాలితో పోల్చిన వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది. సెకనుకు 10 మీటర్ల వేగంతో పట్ వేస్తున్నారు, ఎదురుగాలి 3 మీటర్లు. గాలితో పోల్చిన వేగం 13, ఎత్తే బలం దాదాపు 1.7 రెట్లు. అదే గాలి వీపు మీద వీస్తే వేగం 7, బలం సగానికి పడిపోతుంది. అందుకే ఎదురుగాలిలో మీ చేతి తప్పేమీ లేకుండానే డిస్క్ బుట్ట మీదుగా ఎగిరిపోతుంది, వెనకగాలిలో బుట్ట ముందే కూలబడుతుంది. ఎదురుగాలిలో గొలుసుల కింది భాగాన్ని, వెనకగాలిలో పై భాగాన్ని చూసి వెయ్యడం మొదటి సవరణ. పక్కగాలి మరింత చిక్కు: డిస్క్ ఒరిగి అడుగు భాగం గాలికి కనబడితే గాలి దాన్ని ఎత్తుకుపోతుంది, పై భాగం కనబడితే నేలకు తొక్కుతుంది. అలాంటప్పుడు డిస్క్‌ను వీలైనంత సమతలంగా వదలడమే మేలు.

పట్ వేసే తీరులో రెండు బడులున్నాయి. స్పిన్ పట్ అంటే మణికట్టు విదిలించి, వేగంగా, తిన్నటి గీతలో పంపడం. పుష్ పట్ అంటే చేతిని కింది నుంచి పైకి తోసి, తక్కువ భ్రమణంతో, పైకి లేపి బుట్టలోకి దించడం. అభిమానులు ఎవరి బడి కోసం వాళ్ళు వాదించుకుంటారు. చాపం లెక్కతో చూస్తే తేడా స్పష్టంగా ఉంది. స్పిన్ పట్‌లో చాపం అడ్డంగా ఉంటుంది, కాబట్టి సమయం తప్పితే డిస్క్ పక్కకు పోతుంది. పుష్ పట్‌లో చాపం నిలువుగా, బుట్ట దిశలోనే ఉంటుంది. సమయం తప్పితే ఎత్తు మారుతుంది గానీ పక్కకు పెద్దగా పోదు. బుట్ట అంచు నేలకు 82 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది, దాని పైన అర మీటరు పైగా గొలుసులు ఉంటాయి, కాబట్టి ఎత్తులో కొంత తప్పుకు చోటుంది. తప్పినా పుష్ పట్ దగ్గర్లోనే పడుతుంది, స్పిన్ పట్ బుట్ట దాటి దూరం పోయి ఇంకో కష్టమైన పట్ మిగులుస్తుంది. ఆరేడు మీటర్ల లోపల నేను పుష్ పట్ వైపే మొగ్గుతాను. దూరం పెరిగినా, గాలి వీచినా అది చాలదు. భ్రమణం, వేగం కావలసిందే.

ఇక చూపు. కాల్గరీ విశ్వవిద్యాలయంలో జోన్ వికర్స్ ఆటగాళ్ళ కంటి కదలికలను కొలిచే పరికరాలతో గోల్ఫ్ పటింగ్‌నూ, బాస్కెట్‌బాల్ ఫ్రీ త్రోనూ పరిశీలించింది. నిపుణులకూ మామూలువాళ్ళకూ ఒక తేడా కనబడింది: కదలిక మొదలయ్యే ముందు నిపుణుల చూపు ఒకే చోట, ఎక్కువసేపు, కదలకుండా ఆగుతుంది. దానికి ఆవిడ క్వయట్ ఐ అని పేరు పెట్టింది. చూపు 3 డిగ్రీల లోపల, కనీసం పదో వంతు సెకను నిలిస్తేనే లెక్కలోకి తీసుకుంది. పది మీటర్ల దూరాన 3 డిగ్రీలంటే అర మీటరు, గొలుసుల తెర మొత్తం అందులో పట్టేస్తుంది. తెర మొత్తాన్ని చూడటం చూడకపోవడంతో సమానం కాబట్టి, అనుభవజ్ఞులు తెరలో ఒకే ఒక్క గొలుసును, ఇంకా వీలైతే అందులో ఒక్క కొలికిని ఎంచుకోమంటారు. డిస్క్ చెయ్యి దాటేదాకా చూపు దాన్ని వదలకూడదు. నిబంధనలు విసరడానికి 30 సెకన్లు ఇస్తాయి. ఆ పనికి రెండు మూడు సెకన్లు చాలు.

ఆ రెండు మూడు సెకన్లలో మనసు ఎక్కడ ఉండాలి? మోచెయ్యి ఇలా, మణికట్టు అలా అని తలుచుకుంటే పని చెడుతుందని గాబ్రియేల్ వుల్ఫ్ పరిశోధనలు చెబుతాయి. గోల్ఫ్ నేర్చుకునేవాళ్ళలో చేతుల ఊపు మీద మనసు పెట్టినవాళ్ళకన్నా క్లబ్ కదలిక మీద పెట్టినవాళ్ళు మెరుగ్గా కొట్టారని 1999లో ఆమె బృందం చూపించింది. ఈ అధ్యాయంలో చేతి గురించి ఇంత చెప్పి ఇప్పుడు చేతిని మరిచిపొమ్మనడం విడ్డూరంగానే ఉంటుంది. చేతి సంగతులు ఇంటి దగ్గర సాధనలో చూసుకోవలసినవి. ఆటలో డిస్క్, గొలుసు, ఈ రెండే.

సాధన అంటే మామూలుగా పది డిస్కులు పట్టుకుని ఒకేచోట నిలబడి వరసగా విసరడం. పదో డిస్క్ దగ్గరికి వచ్చేసరికి చెయ్యి కుదురుకుంటుంది, చాలా బాగా వేస్తున్నామన్న తృప్తి కలుగుతుంది. ఆ తృప్తిని నమ్మడానికి లేదు. కోర్సులో ఒక్కొక్క దూరం నుంచి ఒక్కసారే వేస్తాం, రెండో అవకాశం ఉండదు. రాబర్ట్ కెర్, బెర్నార్డ్ బూత్ 1978లో ఎనిమిదేళ్ళ పిల్లల చేత గింజలు నింపిన చిన్న గుడ్డసంచులు గురి చూసి వేయించారు. ఒక జట్టు మూడడుగుల దూరం నుంచే సాధన చేసింది. ఇంకో జట్టు రెండడుగులు, నాలుగడుగుల నుంచి చేసింది, మూడడుగుల నుంచి ఒక్కసారీ వెయ్యలేదు. పరీక్ష మూడడుగుల నుంచి పెడితే రెండో జట్టే గెలిచింది. తరవాతి ప్రయోగాలన్నీ ఇంత ముచ్చటగా రాలేదు కాబట్టి దీన్ని వేదవాక్కు చెయ్యనక్కర్లేదు. కానీ బ్యాడ్మింటన్ సర్వీసుల మీద సిన్నా గూడ్, రిచర్డ్ మగిల్ 1986లో చేసిన ప్రయోగంలోనూ మూడు రకాల సర్వీసులను కలగలిపి నేర్చుకున్నవాళ్ళకే తరవాత బాగా నిలిచింది. సాధన చేసేటప్పుడు కలగలుపు పద్ధతిలో తప్పులు ఎక్కువ వస్తాయి, విసుగూ ఎక్కువే. ఒక డిస్క్ నాలుగు మీటర్ల నుంచి, తరవాతిది ఎనిమిది నుంచి, ఆ తరవాతిది ఆరు నుంచి, ఒకసారి ఎత్తు నుంచి, ఒకసారి చెట్టు పక్క నుంచి కాలు చాపి. ప్రతి విసురుకూ మెదడు ఆజ్ఞను కొత్తగా రాసుకోవలసి వస్తుంది. ఆటలోనూ చెయ్యవలసింది అదే కదా.

క్షమించే విసురును ఎంచుకోవడానికి ఆటలోనే ఒక ఉదాహరణ ఉంది. 2021 డిస్క్ గోల్ఫ్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ యూటా రాష్ట్రంలోని ఆగ్డెన్‌లో జరిగింది. చివరి హోల్ దగ్గర జేమ్స్ కాన్రాడ్, అప్పటికే ఐదుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయిన పాల్ మెక్‌బెత్ కన్నా ఒక విసురు వెనకబడి ఉన్నాడు. బుట్ట 247 అడుగుల దూరంలో, అంటే 75 మీటర్లు. ఆ దూరం నుంచి మన అర మీటరు తెర అటూ ఇటూ డిగ్రీలో అయిదో వంతు మాత్రమే. కాన్రాడ్ విసిరిన డిస్క్ గొలుసుల్లోకి పోయింది, స్కోరు సమమైంది, తరవాతి హోల్‌లో అతను టైటిల్ గెలిచాడు. అంత దూరం నుంచి నేరుగా బుట్టలో పడటంలో అదృష్టం పాలు చాలా ఉందని ఒప్పుకోవాలి. అయితే అతను ఆ విసురుకు ఎంచుకున్నది ఎన్వీ అనే పటర్, డ్రైవర్ కాదు. బుట్ట దగ్గర పడే అవకాశాన్ని ముందు పెంచుకున్నాడు, మిగతాది అదృష్టానికి వదిలాడు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు దుకాణంలో 12, 13 అంకెల డ్రైవర్ల జోలికి పోకండి. ఒకే రకం పటర్లు రెండు మూడు కొనుక్కుంటే మొదటి కొన్ని నెలలకు చాలు. పట్‌కూ అవే, దూరం విసరడానికీ అవే. వాటిని తిన్నగా పంపడం పట్టుబడ్డాక తక్కినవి కొనవచ్చు. దగ్గర్లో బుట్ట లేకపోతే ఖాళీ మైదానంలో పాతిన కర్ర సరిపోతుంది. విసిరే ముందు ఎదురుగా, పక్కల మనుషులు లేరని ఒకటికి రెండుసార్లు చూసుకోండి. గట్టి ప్లాస్టిక్ అంచు, 175 గ్రాముల బరువు, వేగంగా వచ్చి తగిలితే దెబ్బ గట్టిగానే తగులుతుంది.